ఇంట్లో పెళ్లికి కెమెరా మీ చేతికొస్తే

మా పెద్దమ్మ కూతురి పెళ్లి వైజాగ్ గోపాలపట్నంలో జరిగింది, ముహూర్తం రాత్రి 1:48కి. “నీ దగ్గర కెమెరా ఉంది కదరా, బయటివాళ్లకి అంత డబ్బు పోయడం ఎందుకు, నువ్వే తీసెయ్” అంది పెద్దమ్మ. సరేనన్నాను. నా దగ్గరున్నది కెనాన్ 1500డి, దాంతో పాటు పెట్టెలో వచ్చిన 18-55 లెన్స్, ఒకే ఒక బ్యాటరీ. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి నేను పంతులుగారి వెనక ఉన్నాను. మన పెళ్లిలో అసలు ముహూర్తం అదే, తాళి కట్టడం ఆ తర్వాత వచ్చేది. ఆ క్షణానివి నా దగ్గర ఏడు ఫోటోలున్నాయి. ఏడింటిలోనూ పంతులుగారి వీపు, ఆయన భుజం పక్క నుంచి అక్క జడలో కనకాంబరాలు. అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఇప్పటికీ ఎవరికైనా ఆల్బమ్ చూపిస్తుంటే ఆ పేజీ వచ్చేసరికి నాకు మనసు చివుక్కుమంటుంది.

అది కెమెరా తప్పు కాదు. ఎక్కడ నిలబడాలో నాకు తెలీదు, తర్వాత ఏం జరగబోతోందో తెలీదు. ఆ తర్వాత మా ఇళ్లలో ఇంకో నాలుగు పెళ్లిళ్లు అదే కెమెరాతో తీశాను, వాటిలో జీలకర్ర బెల్లం ఫోటో ఒక్కటి కూడా పోలేదు. కాబట్టి మీ ఇంట్లో కూడా మాఘంలోనో వైశాఖంలోనో పెళ్లి ఉండి కెమెరా మీ మెడలో వేస్తే, సెట్టింగుల గురించి టెన్షన్ పడేముందు ఒక పని చేయండి. పంతులుగారికి ఫోన్ చేయండి.

ఏ తంతు తర్వాత ఏది వస్తుంది, తెర ఎప్పుడు పడతారు, పెళ్లికొడుకు ఎటు ముఖంగా కూర్చుంటాడు, ఆయన ఎటుపక్కన కూర్చుంటారు, ఇవన్నీ అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కో ఇంటి ఆచారం ఒక్కోలా ఉంటుంది. కొందరికి స్నాతకం, కాశీయాత్ర ఉంటాయి, కొందరికి ఉండవు, కొందరు పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామల చేత మోయిస్తారు, కొందరు చెయ్యి పట్టుకుని నడిపించి తెస్తారు. ఎక్కడో వీడియోలో చూసిన వరస నమ్ముకుంటే మీ ఇంటి పెళ్లిలో తప్పిపోతారు. చివర్లో ఇంకో మాట కూడా అడగండి, “జీలకర్ర బెల్లం అప్పుడూ, సూత్రం కట్టేటప్పుడూ నేను ఎటుపక్కన ఉంటే మీకు ఇబ్బంది ఉండదండీ?” అని. నేను అడిగిన నలుగురిలో ఒక్కరు కూడా విసుక్కోలేదు. ఒకాయనైతే సరిగ్గా ఆ క్షణానికి “బాబూ, ఇటు రా” అని పిలిచి, తన చెయ్యి అడ్డం రాకుండా పక్కకి తీసుకున్నారు.

రెండో పని, హాలుకి ముందురోజే వెళ్లి చూసుకోవడం, అదీ వీలైతే ముహూర్తం వేళకే. పగలు కిటికీల్లోంచి ఎండ పడే హాలు రాత్రికి పూర్తిగా వేరే చోటులా ఉంటుంది. మండపానికి మెట్లు ఎటున్నాయి, స్తంభాలు ఎక్కడ అడ్డొస్తాయి, వెనక గోడకీ పీటలకీ మధ్య మనిషి పట్టేంత జాగా ఉందా, ప్లగ్గు పాయింటు ఎక్కడుంది, ఇవి చూసుకోండి. మండపం ఎక్కడానికి చెప్పులు విప్పాలి కాబట్టి లేసుల బూట్లు వేసుకోవద్దు. జేబులున్న కాటన్ బట్టలు వేసుకోండి. పెళ్లి కదా అని పట్టు పంచె కట్టుకుని, వంగి లేచి తిరుగుతూ ఫోటోలు తీయడం చాలా కష్టం.

ఇక వెలుతురు. మన కల్యాణమండపాల్లో ఇప్పుడు అన్నీ ఎల్‌ఈడీలే. మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకని చవకరకం ఎల్‌ఈడీ దీపాలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలీదు గానీ కెమెరాకి తెలుస్తుంది. షట్టర్, అంటే కెమెరాలోకి వెలుతురు పడే సమయం, సెకనులో 1/250, 1/500 వంతు పెడితే ఆ మినుకులో ఒక ముక్కే దొరుకుతుంది, ఫోటోలో ముఖాల మీద అడ్డంగా చారలు పడతాయి, ఒక ఫోటో వెలుతురుగా, పక్కది చీకటిగా వస్తుంది. 1/100 పెడితే చాలావరకు ఆ బాధ ఉండదు. కెమెరాని ఎమ్ మోడ్‌లో పెట్టి, షట్టర్ 1/100, ఎపర్చర్ (లెన్స్ లోపలి కన్ను) ఎంత తెరుచుకుంటే అంత, ఐఎస్‌ఓ (వచ్చిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపించాలన్నది) ఆటోలో పెట్టి 3200 దాకా వెళ్లనివ్వండి. హాలు మరీ చీకటిగా ఉంటే 6400 అయినా ఫరవాలేదు. ఫోటోలో గరుకు కనిపిస్తుందని భయపడి ఐఎస్‌ఓ తగ్గిస్తే షట్టర్‌ని నెమ్మది చేయాల్సి వస్తుంది, చెయ్యి ఊగిన ఫోటోని ఎవరూ బాగుచేయలేరు. గరుకున్న ఫోటోని మాత్రం మీ అత్తయ్య ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించుకుంటుంది.

18-55 లెన్స్ గురించి ఒకటి తెలుసుకోండి. 18 దగ్గర, అంటే జూమ్ చేయనప్పుడు, అది 3.5 దాకా తెరుచుకుంటుంది, 55 దాకా జూమ్ చేస్తే 5.6 మాత్రమే (ఈ ఎపర్చర్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకున్నట్టు). అంటే జూమ్ చేసిన ప్రతిసారీ లోపలికొచ్చే వెలుతురు తగ్గిపోతోంది, చివరికి వచ్చేసరికి సగం కంటే తక్కువ. కాబట్టి జూమ్ తిప్పే బదులు రెండడుగులు ముందుకి నడవండి. ఇంటి మనిషి కాబట్టి మిమ్మల్ని ఎవరూ ఆపరు. డబ్బు పెట్టగలిగితే, లేదా ఒకరోజుకి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోగలిగితే, 50 ఎమ్ఎమ్ 1.8 లెన్స్ ఒకటి తెచ్చుకోండి. 5.6తో పోలిస్తే 1.8 దగ్గర దాదాపు పది రెట్లు వెలుతురు వస్తుంది, రాత్రి పెళ్లికి అంతకంటే వరం లేదు. కాకపోతే ఈ చిన్న సెన్సర్ కెమెరాల్లో అది 80 ఎమ్ఎమ్ లాగా కనిపిస్తుంది, పదిమంది గ్రూపు అందులో పట్టదు. అదీగాక 1.8 దగ్గర ఇద్దర్ని తీస్తే ఒకరి కళ్లు మాత్రమే స్పష్టంగా ఉండి రెండోవాళ్లు మసకబారతారు, అందుకని ఇద్దరున్నప్పుడు 2.8 పెట్టండి. ఫోకస్‌కి మధ్య పాయింటు ఒక్కటే వాడండి. 1500డిలో ఉన్న తొమ్మిదింటిలో చీకట్లో నమ్మదగ్గది అదే.

కెమెరా మీదున్న చిన్న ఫ్లాష్ తిన్నగా ముఖం మీద కొడితే పసుపు రాసిన ముఖాలు జిడ్డుగా మెరుస్తాయి, వెనక నీడ గోడకి అతుక్కుంటుంది. విడిగా ఫ్లాష్ ఉంటే తల పైకి తిప్పి తెల్లటి సీలింగుకి కొట్టండి, వెలుతురు మెత్తగా దిగుతుంది. ఇక్కడ నేను దెబ్బతిన్నది ఒకటుంది. గాజువాకలో మా బాబాయి ఇంటి ముందు షామియానా కింద అలాగే పైకి కొట్టాను. షామియానా గుడ్డ ఎరుపు, పసుపు చారలది. అందరి ముఖాలూ కందగడ్డల్లా ఎర్రగా వచ్చాయి, అరవై ఫోటోలు పోయాయి. రంగు గుడ్డ కింద ఫ్లాష్ పైకి కొట్టకండి. పక్కన తెల్ల గోడ ఉంటే దానికి కొట్టండి, లేదంటే ఆపేసి వీడియో అతని లైటు వాడుకోండి. అతను ఉన్నవైపే నిలబడకుండా కాస్త పక్కకి జరిగితే ఆ లైటు ముఖానికి ఏటవాలుగా పడి, ముక్కూ చెక్కిళ్లూ చక్కగా తేలతాయి.

రంగు సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి, రా ఫైల్ (కెమెరా తన లెక్కన రంగులు సర్దేయకముందు ఉన్న అసలు ఫైల్) తీయండి. నలుగు పెట్టినప్పుడు, మంగళస్నానాలప్పుడు ఫ్రేమంతా పసుపే ఉంటుంది, కెమెరా దాన్ని తప్పనుకుని పసుపు తగ్గించేసి ముఖాలు పాలిపోయినట్టు చూపిస్తుంది. రా అయితే తర్వాత ఇంట్లో కూర్చుని సరిచేసుకోవచ్చు. అలాగే మధుపర్కాలు. తెల్ల చీర, తెల్ల పంచె ఫ్రేమ్ నిండా ఉంటే కెమెరా మీటరు మోసపోయి ఫోటో మొత్తం మబ్బుగా తీస్తుంది, అప్పుడు ఐఎస్‌ఓని ఆటోలోంచి తీసి మీరే ఒక మెట్టు పెంచండి.

ఇప్పుడు తంతులు. మధ్యాహ్నం ఇంట్లో పసుపు దంచేటప్పుడు లైట్లన్నీ ఆర్పించి కిటికీ వెలుతురులో తీయండి, రోజు మొత్తంలో మీకు సులువుగా దొరికే మంచి ఫోటోలు అవే. ముత్తయిదువులందరూ రోకలి మీద చేతులేసి దంచుతుంటే ముఖాలన్నీ ఒకేసారి కావాలని వెనక్కి వెనక్కి వెళ్లకండి. చేతుల దగ్గరికి వంగండి. మా అమ్మమ్మ రోకలికి తోరం కడుతున్నప్పుడు తీసిన ఒక ఫోటో ఉంది నా దగ్గర, ముడతలు పడ్డ వేళ్లు, గోళ్లలో పసుపు, పంటితో కొరికిన దారం కొస, ఒక పక్క జరిగిపోయిన పాత మట్టిగాజు. ముఖం లేదు. మా ఇంట్లో ఎవరికి చూపించినా అమ్మమ్మ చేతులని వెంటనే చెప్పేస్తారు.

మండపంలో ముందు కన్యాదానం. అమ్మ చెంబుతో నీళ్లు పోస్తుంటే నాన్న అల్లుడి కాళ్లు కడుగుతాడు. అందరూ కాళ్ల వైపు కెమెరా పెడతారు, మీరు మాత్రం ఒక్కసారి ఆ తల్లిదండ్రుల ముఖాల మీద పెట్టండి. నేలకి దగ్గరగా కూర్చుని తీస్తే వంగిన ముఖాలు కూడా కనిపిస్తాయి.

జీలకర్ర బెల్లం అప్పుడు ఇద్దరి మధ్యా తెర ఉంటుంది. తమలపాకులో పెట్టిన ముద్దని ఒకరి తల మీద ఒకరు పెడతారు, మేళం గట్టిగా అందుకుంటుంది, తెర తీస్తారు, ఒకరినొకరు చూసుకుంటారు. ఇదంతా పది సెకన్లలో అయిపోతుంది. ఇద్దరి ముఖాలూ ఒకే ఫోటోలో కావాలంటే తెర చివర, సరిగ్గా మధ్యలో నిలబడాలి, కానీ అక్కడ సాధారణంగా పంతులుగారు ఉంటారు. కాబట్టి ఒకరిని ఎంచుకోండి. నేనైతే పెళ్లికొడుకు భుజం పక్కకి వెళ్లి పెళ్లికూతురి వైపు చూస్తాను. ముహూర్తానికి అయిదు నిమిషాల ముందే అక్కడికి చేరుకుని, తెర పైఅంచు మీద నుంచి కనిపించే ఆమె నుదుటి మీద ఫోకస్ పెట్టి, షట్టర్ బటన్ సగం నొక్కి అలాగే పట్టుకుని ఉండండి. మేళం మొదలయ్యాక వెతుక్కుంటే ఆలస్యమైపోయినట్టే. ఎవరు పిలిచినా కదలకండి. మావయ్య కూల్ డ్రింక్ ఇస్తానన్నా సరే.

మాంగల్యధారణకి ఇంకో చిక్కుంది. అందరూ అక్షింతలు వేస్తారు, కెమెరా ఆ ఎగిరే బియ్యం గింజల మీద ఫోకస్ పెట్టేసుకుంటుంది, వెనక ముఖాలు మసక. అందుకే అక్షింతలు లేవకముందే ఫోకస్ పెట్టుకుని, దాన్ని మాన్యువల్‌కి మార్చేయండి, తర్వాత మీరు కదలకపోతే చాలు. పెళ్లికొడుకు చేతులు ఎలాగూ అడ్డం వస్తాయి కాబట్టి మూడు ముళ్లూ తీయాలని తాపత్రయపడకండి. మొదటి ముడి వేసేటప్పుడు ఆమె ముఖం, మూడోది అయ్యాక అతను చెయ్యి తీస్తున్నప్పుడు ఒకటి, ఈ రెండు చాలు.

తలంబ్రాలు అన్నిటికంటే సరదా, అన్నిటికంటే తేలిక కూడా. ఇక్కడ ఫ్లాష్ వేయండి. షట్టర్ 1/100లోనే ఉన్నా ఫ్లాష్ మెరుపు చాలా కొద్దిసేపే కాబట్టి గింజలు గాల్లో ఆగినట్టు వస్తాయి. దోసిలి తల మీదికి వెళ్లినప్పుడు కాకుండా గింజలు జారడం మొదలైనప్పుడు నొక్కండి. వరసపెట్టి కొట్టాలనుకోవద్దు, మన కెమెరా సెకనుకి మూడు ఫోటోలే తీస్తుంది, రా అయితే పదీ పన్నెండు తీశాక ఊపిరి తీసుకోవడానికి ఆగిపోతుంది. హోమం దగ్గర మాత్రం ఫ్లాష్ వద్దు, పొగ మీద పడి తెల్లటి తెరలా అడ్డొస్తుంది. నిప్పు వెలుతురు ఇద్దరి ముఖాల మీదా పడనివ్వండి, అదే చాలా అందంగా ఉంటుంది.

అప్పగింతలప్పుడు రెండే రెండు ఫోటోలు తీసి కెమెరా దించేస్తాను నేను. పాలల్లో అద్దిన ఆమె చేతుల్ని అత్తమామల చేతుల్లో పెడుతున్నప్పుడు ఒకటి, కొంచెం దూరం నుంచి నాన్న నిలబడ్డ తీరు ఒకటి. ఏడుస్తున్న మనిషి ముఖం ముందు కెమెరా పెట్టకండి. వెళ్లిపోయేది మీ అక్కో చెల్లో కదా, మీరూ అక్కడ ఉండాలి.

గ్రూపు ఫోటోల్లో మీకు కెమెరా కంటే ఎక్కువగా కావాల్సింది గట్టి గొంతున్న పిన్ని ఒకావిడ. రెండు వైపుల చుట్టాలూ తెలిసిన మనిషిని ముందే మాట్లాడుకుని, ఎవరెవరు కలిసి నిలబడాలో ఆవిడ చేతే జాబితా రాయించుకోండి. ముసలివాళ్లవి ముందు తీసేయండి, వాళ్లు భోజనం చేసి పడుకోవాలి. 18 దగ్గర తీస్తే అంచుల్లో నిలబడ్డవాళ్లు లావుగా సాగిపోయి కనిపిస్తారు, ఏ అత్తయ్యా ఒప్పుకోదు, 30కి అటూ ఇటూ పెట్టుకుని మీరే వెనక్కి జరగండి. రెండు వరసలుంటే ఎపర్చర్ 5.6. ప్రతి గ్రూపుకీ నాలుగేసి తీయండి, ఎవరో ఒకరు కళ్లు మూయడం ఖాయం.

మర్నాడు జంటని బీచ్‌కి తీసుకెళ్లమంటారు, వైజాగ్‌లో ఇది తప్పదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మన సముద్రం తూర్పున ఉంది. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో సముద్రం వెనక్కి వచ్చేలా నిలబెడితే సూర్యుడు వాళ్ల వీపు వెనక ఉంటాడు, ముఖాలు నల్లగా వస్తాయి. నీడబొమ్మలా కావాలంటే అది బాగానే ఉంటుంది. పట్టుచీర రంగు, ముఖాలు తెలియాలంటే సాయంత్రం వెళ్లండి, ఎండ ఊరి వైపు నుంచి మెత్తగా ముఖాల మీద పడుతుంది, వెనక సముద్రం నీలంగా ఉంటుంది. కానీ పడమటి కొండలు సూర్యుణ్ని తొందరగా దాచేస్తాయి. డిసెంబరులో అయిదున్నరకే చీకటి పడిపోతుంది కాబట్టి నాలుగుకల్లా అక్కడ ఉండాలి. ఆదివారం ఆర్కే బీచ్‌లో జనం ఎక్కువ, భీమిలి వైపు వెళ్తే నయం. ఇసకలో లెన్స్ మార్చకండి. ఇంటికొచ్చాక కెమెరా ఒంటిని కాస్త తడి చేసి పిండిన గుడ్డతో తుడవండి, ఉప్పు గాలి ఊరికే వదలదు. అదే రోజు సింహాచలం అప్పన్న దర్శనానికి వెళ్తే గుడి లోపలికి కెమెరా తీసుకెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు, కొండ కింద తొలిపావంచా దగ్గర, మెట్ల మీద తీసుకోండి.

మన ఊరి తేమ గురించి కూడా చెప్పాలి. పెళ్లికూతురి గదిలో ఏసీ ఉంటుంది, కెమెరా చల్లబడి ఉంటుంది, బయటికి రాగానే లెన్స్ మొత్తం ఆవిరి పట్టేస్తుంది. సరిగ్గా బుట్టలో ఆమెని తీసుకొస్తున్నప్పుడు ఇది జరిగితే ఏమీ చేయలేరు. తుడిచినా మళ్లీ పడుతుంది. గదిలో పని అవగానే కెమెరాని బ్యాగులో పెట్టి జిప్పు వేసి, ఇరవై నిమిషాలు ముందుగానే బయటికి తెచ్చేయండి, బ్యాగులోనే నెమ్మదిగా వేడెక్కుతుంది.

రెండు బ్యాటరీలు, రెండు కార్డులు లేకుండా బయల్దేరకండి. 24 మెగాపిక్సెల్ రా ఫైల్ ఒక్కోటి పాతిక నుంచి ముప్పై ఎంబీ ఉంటుంది, 32 జీబీ కార్డుకి వెయ్యి ఫోటోలే అనుకోండి. కార్డు నిండిందని పెళ్లి మధ్యలో కూర్చుని డిలీట్ చేయకండి, నిద్రమత్తులో మంచివి పోతాయి. తెల్లారి ఇంటికి రాగానే, పడుకోకముందే, ల్యాప్‌టాప్‌లోకి ఒకటి, వేరే డిస్క్‌లోకి ఒకటి కాపీ చేయండి. ఆల్బమ్ అచ్చయ్యేదాకా కార్డుల్ని ఫార్మాట్ చేయొద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో చిన్నదైపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వండి.

రెండువేల ఫోటోలు అందరికీ పంపకండి, ఎవరూ చూడరు. రెండు వందలు ఏరండి. అందులోంచి ఒక నలభై, ఫోన్ చూడటం రాని పెద్దవాళ్ల కోసం, 4x6 సైజులో ప్రింట్ వేయించండి. మా అమ్మమ్మకి అలా తీసుకెళ్లి ఇచ్చినప్పుడు మంచం మీద వరసగా పేర్చుకుని ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ పేర్లు చెప్పింది. చోడవరం నుంచి వచ్చిన ఆ పెద్దాయన తాతయ్యకి ఏమవుతాడో, మూడో వరసలో ఉన్న ఆవిడది ఏ ఊరో మా అమ్మకి కూడా తెలీదు. ప్రింట్లు ఇచ్చేటప్పుడు ఒక పెన్సిల్ కూడా తీసుకెళ్లండి. పక్కన కూర్చుని, ఆవిడ చెప్తుంటే వెనక రాసుకోండి, మెల్లగా, గట్టిగా నొక్కకుండా, ముందువైపు గీత పడకుండా.